ఒంటె, బల్లి, మధ్యలో నేను

ఆ రోజుల్లో సేలం దగ్గరి మా ధర్మపురిలో సాయంత్రమైతే మా వీధి మగవాళ్ళకు రెండే పనులుండేవి. ఒకటి టీ తాగడం, రెండోది మా ఊరి బాస్కెట్‌బాల్ జట్టులో అంతవరకూ ఆడినవాళ్ళలో ఎవడు గొప్పవాడో తేల్చడం. మొదటి పని రోజూ పూర్తయ్యేది. రెండోది ఇప్పటికీ కాలేదు. ఇప్పుడు ఆలోచిస్తే కాకపోవడమే మంచిదైందనిపిస్తుంది. తేలిపోయి ఉంటే మర్నాడు టీ అంగడికి ఎవరూ వచ్చేవారు కాదు. కానీ ఇరవై రెండేళ్ళ వయసులో నాకంత జ్ఞానం లేదు. ఆ వయసులో ఏ చర్చ అయినా ఎప్పుడో ఒకప్పుడు మన పేరు దగ్గర కాసేపు ఆగితే బాగుండుననిపిస్తుంది.

టీ అంగడి ఆ జట్టు ఆడే మైదానం గోడను ఆనుకుని ఉండేది. అక్కడ రెండు పక్షాలు. ఒంటె పక్షానికి మిల్లు మామ పెద్ద. పిండి మిల్లు నడిపేవాడు కాబట్టి ఆయన కనుబొమలు ఏడాది పొడుగునా తెల్లగానే ఉండేవి (నాకు వరసకు మామ కాదు, వీధికంతా మామే). బల్లి పక్షానికి టైలరన్న పెద్ద. జట్టు బనియన్లు కుట్టింది తనే కాబట్టి ఎవడి ఛాతీలో ఎంత దమ్ముందో తనకే తెలుసునని ఆయన నమ్మకం. ఒంటె అంటే మా జట్టులోకెల్లా పొడుగువాడు, రింగు కింద నిలబడి అలమరలో డబ్బా సర్దినట్టు బాల్‌ను అందులో పెట్టేవాడు. బల్లి పొట్టివాడు, అవతలి జట్టువాడికి ఒకసారి అంటుకున్నాడంటే వదిలేవాడు కాదు. అప్పటికే ఇద్దరూ ఆట మానేసి, ఒకడు ఉద్యోగానికి, ఒకడు వ్యాపారానికి ఊరు విడిచిపోయారు. ఆడేవాళ్ళు పోయాకే అభిమానులకు అసలు పని మొదలవుతుంది.

చర్చ ఎక్కడ తిరిగినా చివరికి సేలం జట్టుతో ఆడిన ఫైనల్ మ్యాచ్ దగ్గరికే వచ్చేది. "అప్పుడు మనము రెండు పాయింట్లు వెనకబడి ఉంటిమి" అని మిల్లు మామ మొదలుపెట్టేవాడు. అక్కడినుంచి పుంజుకోవడం, చివరి నిమిషంలో బల్లి సేలం కెప్టెన్ చేతిలోంచి బాల్ లాగి ఇవ్వడం, ఒంటె దాన్ని రింగులో వేయడం, మేము గెలవడం, అన్నీ వరసగా వచ్చేవి.

"రింగులో పడింది ఎవని చేతినుంచిరా? ఒంటె చేతినుంచి కదా" అనేవాడు మిల్లు మామ.

"ఆ చేతికి బాల్ యెట్ల వచ్చె మామా? బల్లి లాగి ఇయ్యకుంటే మీ ఒంటె ఆకాశం చూస్తా నిలబడుండును" అనేవాడు టైలరన్న.

ఆ రెండు పాయింట్లు ఎలా వెనకబడ్డామో మాత్రం ఎవరూ చెప్పేవారు కాదు. నేనూ అడిగేవాణ్ణి కాదు.

ఎందుకంటే ఆ జట్టులో నేనూ ఆడాను. ఆడాను అనేది కొంచెం పెద్ద మాట. రెండేళ్ళు బెంచీ మీద కూర్చుని, ఎవరికైనా కాలు పట్టేసినప్పుడు లేచేవాణ్ణి. అందుకే నా పేరు బెంచీ. తరువాత నాయన, "నీ పొడుగు తక్కెడ పట్టుకునేదానికి చాలు, రా" అని విత్తనాల అంగట్లో కూర్చోబెట్టాడు. వేరుశనగ విత్తనాలు తూస్తున్నా నా చెవి మైదానం వైపే ఉండేది. నేనే గొప్పవాణ్ణని ఎవరూ అనక్కర్లేదు, అంత పిచ్చి లేదు. "బెంచీ కూడా బాగానే ఆడినాడు" అని ఒక్కసారి ఎవరైనా అంటే చాలు. ఆ మాట రాకపోతే ఆ రెండేళ్ళూ అసలు లేనట్టే అవుతుందని, పుట్టింది మొదలు విత్తనాల అంగట్లోనే ఉన్నవాణ్ణవుతానని నిజంగా భయపడేవాణ్ణి. అందుకే సందు దొరికినప్పుడల్లా "మేము ఆడేటప్పుడు..." అని మొదలుపెట్టేవాణ్ణి. వెంటనే టైలరన్న, "టీ ఆరిపోతాది, తాగురా" అనేవాడు. నాకు ఒళ్ళు మండేది.

ఆ సమయంలోనే మా బావ వచ్చాడు. అక్క మొగుడు, పాలకోడు టమాటా మండీలో వ్యాపారి. నా బాధ విని తేలిగ్గా నవ్వాడు. "దీనికేమప్పా, నేను చెప్తాను. మన సరుకును మనమే పొగిడితే ఎవరూ నమ్మరు. పక్కవాడు పొగడాల. మండీలో దినమూ నా పని ఇదే కదా." బావకు ఆట గురించి ఏమీ తెలియదు (రింగు కింద నెట్ చూసి, అడుగున చినిగిపోయింది, ఎవరికైనా చెప్పండి అన్నవాడు). అయినా ఆ గొంతు మీద నాకు నమ్మకం కుదిరింది.

ఆ సాయంత్రం బావ రెండు టీలు తాగేవరకూ నోరు మెదపలేదు. చర్చ వేడెక్కాక, మాటల్లో మాటగా అడిగినట్టు, "అంతా సరే, మా వాని పేరు ఎవరూ ఎత్తరే? సేలం వాళ్ళకు మా వాడంటే భయమంట కదా" అన్నాడు.

మిల్లు మామ గ్లాసు కింద పెట్టాడు. టైలరన్న మెడలోని టేపు సర్దుకున్నాడు. బావ ఆగలేదు. ధర పెరుగుతోందనుకున్నట్టుంది, ఇంకా గొంతు పెంచి నా పరుగు, నా చెయ్యి, నా గురి వర్ణించాడు.

"భయము కాదప్పా, ప్రేమ" అన్నాడు మిల్లు మామ చివరికి. "ఇట్లాంటోళ్ళు మనకు ఇంకిద్దరు ఉండుంటే సేలం వాళ్ళు ఊరికే నిలబడి కప్పు ఎత్తుకొని పోయుందురు."

జరిగింది ఏమిటంటే, ఆ ఫైనల్లో సగం ఆటదాకా నేను బెంచీ మీద కూర్చుని ఎడమవైపు రింగునే చూస్తూ ఉన్నాను. మనవాళ్ళు బాల్ వేస్తున్నది అందులోనే. సగం ఆటకు వైపులు మారతాయి. మారాక నన్ను దింపారు. బాల్ నా చేతికి వచ్చింది, ఎదురుగా అడ్డం వచ్చేవాడే లేడు. (ఎందుకొస్తారు?) జనం అరుస్తున్నారు, నా కోసమే అనుకున్నాను. జన్మలో ఎన్నడూ లేనంత అందంగా ఎగిరి, ఎడమ రింగులో వేశాను. సేలం జట్టువాడొకడు నా వీపు తట్టాడు.

మిల్లు మామ ఇదంతా చెప్పేసరికి, "ఏ రింగులో వేస్తే ఏమప్పా, వేసినాడు కదా" అన్నాడు బావ.

నేను నేల చూస్తున్నాను. టైలరన్న నా పక్కకు జరిగాడు. "నీ ముందర ఈ మాట ఎత్తకూడదని ఇన్నాళ్ళు నోరు కట్టుకొని ఉంటిమి కదరా. నువ్వు అంగడి మూసి వచ్చేలోపలే ఆ కొంచెము మాట్లాడి ముగించేస్తాము. నువ్వు వస్తే, రెండు పాయింట్లు వెనకబడి ఉంటిమి, అని మొదలుపెడతాము."

అప్పుడు నాకు కలిగిన సిగ్గు ఇంతా అంతా కాదు. కానీ సిగ్గు వెనకే మరొకటి వచ్చింది. ఏ విషయంలోనూ ఒక మాట మీదికి రాని ఆ ఇద్దరూ నా విషయంలో మాత్రం ఒక్క మాట మీద ఉన్నారు. నా పేరు రాలేదని నేను ఏడుస్తున్నన్నాళ్ళూ, వాళ్ళు దాన్ని రానివ్వకుండా కష్టపడి కాపాడారు. ఆరిపోతుందని టైలరన్న చెప్పిన టీలన్నీ గుర్తొచ్చి నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

బావ మాత్రం బేరం వదలలేదు. "అట్లయితే మా వాడు ఆ రెండు పాయింట్లు ఇయ్యకుంటే మీ ఒంటెకూ బల్లికీ ఏమి పని ఉండె? ఆ మ్యాచ్ ఎవరికి గుర్తుండును?" మిల్లు మామ తల ఊపి, "అదీ నిజమే" అన్నాడు. మర్నాటి నుంచి చర్చ నా దగ్గరే మొదలైంది.

ఇప్పుడు నేనే ఆ విత్తనాల అంగడి యజమానిని. మైదానంలో లైట్లు వచ్చాయి. టీ అంగడి దగ్గర చెట్టికరై కాలేజీ పిల్లలు టీ తాగుతూ ఫోన్లలో ఎక్కడెక్కడి ఆటగాళ్ళ గురించో కొట్లాడుకుంటారు. టైలరన్న పోయిన ఏడు చనిపోయాడు. తరువాత చాలా రోజులు మిల్లు మామ వచ్చి, మాట్లాడకుండా టీ తాగి వెళ్ళిపోయేవాడు. ఒకరోజు ఉన్నట్టుండి బల్లి అంతటివాడు లేడని అందుకున్నాడు.

"అదేమి మామా, పక్షము మార్చినావు?"

"టైలరు లేడు కదరా. బల్లి కోసరము ఎవరో ఒకరు మాట్లాడాల."

"మరి ఒంటెకు?"

"నువ్వు మాట్లాడు. ఇన్నేండ్లు బెంచీ మీదనే ఉండావు కదా."

అలా ఈ వయసులో నన్ను ఆటలోకి దింపారు. రోజూ ఒంటె కోసం గొంతు చించుకుంటున్నాను. కొత్త పిల్లలెవరైనా వస్తే మాత్రం, "ముందు నీది చెప్పురా" అంటాడు మామ. లేస్తాను. ఖాళీ గ్లాసు బాల్‌లా పట్టుకుని, మోకాలు ఒప్పుకున్నంత మేర ఎగిరి చూపిస్తాను. ఏ రింగు అన్నది పక్కన పెడితే, ఇన్నేళ్ళలో నా బాల్ ఒక్కసారి కూడా గురి తప్పలేదు.