కొత్త టర్బో, మొదటి ట్రిప్పు

కుప్పం మండీ ఆయన ఫోన్‌లో గొంతు పెంచలేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. "ఇంగొకసారి నాలుగు గంటలు దాటితే నువ్వు రావద్దప్పా, వేరే బండి సూసుకుంటా" అని పెట్టేశాడు. మదనపల్లె నుంచి ఆయనకు టమోటా తోలడం తప్ప నా పికప్‌కు నికరమైన పని ఇంకోటి లేదు.

లోడు పడితే చాలు, బండి మిట్టల మీద ప్రాణం పోయినట్టు మూలిగేది. అందుకే ఇంజనుకు గాలి ఎక్కించే పాత టర్బో తీయించి, దానికంటే పెద్దది వేయించాను. నడుస్తున్న బండిని గెలికి చెడగొట్టుకుంటున్నానేమోనని షెడ్డు ముందే తచ్చాడాను. "యాలప్పా అట్ల తిరుగుతాండావు, కూర్చో" అని మెకానిక్ విసుక్కున్నాడు. తాళం ఇచ్చేటప్పుడు మాత్రం నా మొహంలోకి చూసి చెప్పాడు: "మిట్టెక్కినా, దూరం పోయినా టక్కున ఇంజను ఆపొద్దు. రెండు నిమిషాలు ఉత్తనే తిరగనీ. లేకుంటే టర్బోలో ఆయిలు మాడిపోతాది. అది పోతే ఇంగోటి వచ్చేకి వారం పడతాది."

వారం బండి ఆగితే కుప్పం పని పోయినట్టే.

బండికి కొత్త సామాను వేస్తే, పుంగనూరు దాటాక మిట్ట మీదుండే అమ్మవారికి మొదటి ట్రిప్పులోనే టెంకాయ కొట్టాలి. ఆ దారి బండ్లవాళ్లందరికీ అదే అలవాటు. నా భార్య కూడా టెంకాయ సంచి ఒళ్లో పెట్టుకుని పక్కన కూర్చుంది. దారంతా నా చెవులు ఇంజను మీదే. టర్బో సన్నటి ఈల వినిపిస్తే భయం, వినిపించకపోతే ఇంకా భయం. బండి మాత్రం ఆ మిట్టను ఎప్పుడూ లేనంత సులువుగా ఎక్కేసింది.

గుడి ముందు నిలిపి, ఇంజను అలాగే తిరగనిచ్చి, సంచిలోంచి టెంకాయ తీసుకుని దిగాను. నాలుగడుగులు వేశానో లేదో వెనక చప్పుడు ఆగిపోయింది. ఆమె చెయ్యి చాచి తాళం తిప్పేసింది.

"ఏం మే, ఎవురు ఆపమన్నారు నిన్ను?" అని అరిచాను. పూజారి కూడా తలెత్తి చూశాడు.

"అమ్మోరి ముందర ఇంజను ఆపాల్ల కదా. మర్సిపోయినావేమో అనుకుంటి."

ఇన్నేళ్లుగా నేను చేసిందీ అదే. మెకానిక్ మాట ఆమెతో చెప్పాలని నాకే తోచలేదు. అయినా నోరు ఊరుకోలేదు. "ఈ బండి నిలిచిపోతే ఏం తింటాం? బుద్ధి ఉండాదా నీకు?" అనేశాను. టెంకాయ ఎలా పగిలిందో కూడా చూడలేదు. బండి స్టార్టయింది. ఈల మారినట్టు అనిపించింది, మారనట్టూ అనిపించింది. కుప్పం దాకా ఆమె కిటికీ వైపే చూస్తూ కూర్చుంది.

మూడున్నరకే చేరాం. మండీ ఆయన గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. ఆయన కంట పడాలన్న తొందరలో బ్రేకు వేసి, తాళం లాగి, కిందికి దూకాను.

"ఈ పొద్దు బాగా వస్తివే. రేపు కూడా ఇదే టయానికి రా" అని, లోపలికి రమ్మని చెయ్యి ఊపాడు.

అప్పుడు చూసుకున్నాను, తాళం నా గుప్పిట్లో ఉంది. ఇంజను చప్పుడు లేదు. సిగ్గుతో వెనక్కి తిరిగాను. ఆమె ఖాళీ సంచి మడత పెడుతోంది.

"ఆయప్ప పిలుస్తాండాడు, పో" అంది.

టర్బోకు ఏమీ కాలేదు, ఇప్పటికీ బాగానే లాగుతోంది. ఆమె మాత్రం మళ్లీ నా బండి ఎక్కలేదు.