బెల్లం బండ్లతో తెచ్చుకున్న ఆయాసం

యుద్ధం రోజులు. మా చిత్తూరు జిల్లాలో మద్యనిషేధం. నాకు కల్లు పడదని తెలుసుకోవడానికి మైసూరు సీమ దాకా పోవలసి వచ్చింది. బెల్లం బండ్లు తోలుకుపోయి, సరుకు దించి, అక్కడి కల్లు అంగట్లో ముంత పట్టాను. సగం తాగకముందే రొమ్ము పట్టేసింది. లోపలికి పోయిన ఊపిరి బయటికి రాదు. తిరుగుదారిలో నా గొంతులో పిల్లికూతలు విని, పలమనేరు దగ్గర నిజం పిల్లులు నాలుగు బండి వెంట పడ్డాయి. ఒకటి మా ఇంటిదాకా వచ్చింది. దాని సంతానం ఇప్పటికీ మా వీధిలోనే ఉంది, కావాలంటే వచ్చి చూసుకోండి.

తాగానని ఇంట్లో ఎలా చెప్పేది? బండ్లు కట్టకముందే కొండకు పోయి గుండు కొట్టించుకుని, ఇక సారా గాని కల్లు గాని ముట్టనని భార్య ఎదుట మొక్కి వచ్చాను. ఆ గుండు మీద ఇంకా వెంట్రుకలు సరిగా మొలవలేదు. అందుకే ఈ ఆయాసం బండి దుమ్ము వల్లేనని చెప్పాను. పాపం, నమ్మింది. వైద్యుణ్ణి పిలిపించింది.

ఆయన నాడి చూసి ద్రాక్షారిష్టం ఇచ్చాడు. కషాయంలో బెల్లం వేసి, జాడీ మూసి, పులియబెట్టే మందు అది. సీసా మూత తీయగానే అంగడి వాసనే వచ్చింది. గరిటెడు దిగిందో లేదో, మళ్లీ రొమ్ము బిగుసుకుంది.

"మందు పని చేస్తా ఉండాది సామీ," అంది నా భార్య వైద్యుడితో. "లోపలుండే కఫం కదల్తా ఉండాది."

మోతాదు రెండు గరిటెలు చేశారు. ఊపిరి కోసం నోరు తెరవాలి, తెరిస్తే గరిటె. మందే చంపుతోందని ఎవరితో చెప్పుకోను?

మరుసటి రోజు వైద్యుడు నా ముఖంలోకి చూశాడు.

"ఏమప్పా, మా నాయన కాలం నుంచి ఇస్తా ఉండాం ఈ మందు. ఎవురికీ ఇట్ల కాలేదు. దుమ్మేనా?"

"దుమ్మే."

"ఇంకొక గరిటె పోస్తే సరిపోతాదిలే సామీ," అని ఆమె దగ్గరికి వచ్చింది.

ఆమె చెయ్యి పట్టుకుని ఆపాను.

"కల్లు," అన్నాను.

వైద్యుడు తల పంకించాడు. "పులిసింది నీ ఒంటికి పడదు. ఆ గరిటె దించు తల్లీ."

ఆమె దించింది. మందును సీసాలోకి వంచి, బిరడా బిగించింది. ఆ తరువాత నా వైపు తిరిగింది.

"యాడ తాగినావు?"

ఇంకో రోజయితే, దారిలో దయ్యం అడ్డం వచ్చి బలవంతంగా నా నోట్లో ముంతెడు కల్లు పోసిందని పూటంతా చెప్పేవాణ్ణి. అంత చెప్పడానికి ఊపిరి లేదు.

"అంగట్లో," అన్నాను.