అమ్రాబాద్ మేడం రాసిన ఆరు నెలలు

ఎన్నో ఏళ్లుగా నా మీద ఒక నోటు పుస్తకం బరువు ఉంది. తూస్తే పావు కిలో తూగదు. నీలం అట్ట, పొడుగు పుస్తకం. నా ఇంట్లో ఉంది. నాది కాదు. ఈ సంగతి నా భార్యకు తెలియదు, పిల్లలకు తెలియదు, నాతో కలిసి పనిచేసినవాళ్లలో ఒక్కరికీ తెలియదు. మీకు చెప్తున్నాను. మీరెవరో నాకు తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నానేమో.

ముందు నా గురించి ఒక మాట. నేను దేన్నీ మరచిపోను. గద్వాలలో మొదటి ఉద్యోగంలో చేరిన రోజు అందరికీ కుర్చీలు వేసి నాకు స్టూలు వేసినవాడి పేరు ఇప్పటికీ చెప్పగలను. వార్షికోత్సవం కార్డులో నా పేరు పక్కన డిగ్రీ వేయకుండా వదిలేసింది ఏ సంవత్సరమో చెప్పగలను. అలాంటి ప్రతిదానికీ ఒక అర్జీ రాశాను. ప్రతి అర్జీకీ ఆఫీసులో ముద్ర వేయించుకుని రసీదు తీసుకున్నాను. రసీదులన్నీ ఒక ఫైలులో ఉన్నాయి. గొప్ప కోసం చెప్పడం లేదు. ఆ ఫైలు వల్లే నా అబద్ధాన్ని అందరూ నమ్మారు.

రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్లు. వనపర్తిలో ఒక జూనియర్ కాలేజీ. తెలుగు చెప్పడానికి ఇద్దరం. నేను పర్మనెంటు. ఆమె కాంట్రాక్టు. అమ్రాబాద్ అవతల అడవి అంచున ఒక గూడెం నుంచి వచ్చి చదువుకున్న మనిషి. తండ్రి వెదురు కొట్టే కూలి. పిల్లలు ఆమెను అమ్రాబాద్ మేడం అనేవారు. నేనూ అలాగే రాస్తాను. పేరు రాసే హక్కు నాకు లేదు.

ఏటేటా జూన్‌లో మేం పాఠాల ప్లాను రాసి ఇవ్వాలి. ఏ వారం ఏ పాఠం, ఎన్ని పీరియడ్లు. నేను పోయిన ఏడాది ప్లాను ముందు పెట్టుకుని తేదీలు మార్చి రాసేవాణ్ని. అందరూ చేసేదదే. ఒకరోజు స్టాఫ్ రూములో ఆమె నా కాగితం వైపు చూసి, నవ్వుతూనే, "సార్, గిది పోయినేటిదే గద! తారీఖులకు వయసొచ్చింది గని పాఠాలకు రాలే" అంది. కెమిస్ట్రీ ఆయన టీ ఉమ్మేసేంతగా నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వును రెండేళ్లు దాచుకున్నాను.

తర్వాత మా ప్రిన్సిపాల్‌కు ఒక ఆలోచన వచ్చింది. సాహిత్యం ఇష్టపడే సెకండ్ ఇయర్ పిల్లలకు ఆరు నెలలు ప్రత్యేక తరగతి పెట్టాలని. వారానికి నాలుగు పీరియడ్లు. ఆ ఏడాది మా కాలేజీలో తెలుగు పీరియడ్లు తగ్గాయి, ఆమె పోస్టు ఎత్తేస్తారని అనుకుంటున్నారు. ఈ తరగతి మంజూరైతే పీరియడ్లు సరిపోయి పోస్టు నిలుస్తుంది. అందుకే ప్లాను రాసే పని ప్రిన్సిపాల్ ఆమెకు ఇచ్చాడు. నన్ను అడగలేదు. పంతొమ్మిదేళ్ల సర్వీసు ఉన్న నన్ను ఒక్క మాట అడగలేదు. ఆయన ఆమె ఉద్యోగం గురించి ఆలోచించాడు. నాకు అందులో నా కుర్చీ ఒక్కటే కనిపించింది.

ఒక పద్ధతి ఉంది. కాంట్రాక్టు వాళ్ల కాగితం ఏదైనా సీనియర్ సంతకంతోనే ప్రిన్సిపాల్ దగ్గరికి పోవాలి. ఇంకో పద్ధతి కూడా ఉంది, అది ఎక్కడా రాసి ఉండదు. చిన్నవాళ్లు పెద్దవాళ్ల చేతికి కాగితం ఇచ్చి రసీదు అడగరు. అడిగితే నమ్మకం లేదన్నట్టు. అందరి దగ్గరా రసీదు తీసుకునే నేను, నాకు ఇచ్చేవాళ్లు అడగరని తెలిసే బతికాను.

ప్లాను మంజూరు కోసం జిల్లా ఆఫీసుకు పంపాల్సిన ఆఖరు రోజు పొద్దున ఆమె నా కోసం సైకిల్ స్టాండు దగ్గర నిలబడి ఉంది. పుస్తకం ఇచ్చింది. "రాత్రే అయిపోయింది సార్. మీరు ఒకసారి చూసి సంతకం పెట్టున్రి" అని క్లాసుకు పోయింది. నేను దాన్ని సంచిలో పెట్టుకున్నాను. ఆ నిమిషంలో నా మనసులో ఏముంది? ఒక గంట ఆలస్యం చేద్దామని మాత్రమే ఉందా? లేక అంతా అప్పుడే ఉందా? ఇన్నేళ్లుగా నన్ను నేనే అడుగుతున్నాను. ఒక్కో ఏడు ఒక్కో జవాబు వస్తుంది. ఏదీ నమ్మదగినది కాదు.

పన్నెండున్నరకు ప్రిన్సిపాల్ ఇద్దరినీ పిలిచాడు.

"ఏంది మేడం, ప్లానేది? మహబూబ్‌నగర్ బస్సుకు అటెండరు తయారుగున్నడు."

"పొద్దుగాలనే సార్ చేతికిచ్చిన సార్."

ఇద్దరూ నా వైపు చూశారు. సంచి నా భుజానికే ఉంది.

"నాకేడిచ్చినవమ్మా?" అన్నాను. "ఎవలికిచ్చినవో జర మంచిగ యాది చేసుకో."

ప్రిన్సిపాల్ నవ్వాడు. "సారు సంగతి నీకు తెల్వదా మేడం? చాయ్ తాగినా రసీదు రాయించుకునేటోడు. ఆయన చేతుల పడ్డ కాగితం పోతదా?"

ఆమె ఏడవలేదు. గొంతు పెంచలేదు. నా ముఖం చూసింది, తర్వాత నా సంచి చూసింది.

"సరే సార్. ఇంట్ల ఎతుకుత," అంది. "మీకేమన్న దొరికితే జర చెప్పున్రి."

అంతే. పది రోజుల్లో ఆమె పోస్టు పోయింది. ఆమె ఊరికి వెళ్లిన రోజు నేను సెలవు పెట్టాను.

తరగతి మాత్రం పెట్టాలన్నాడు ప్రిన్సిపాల్. నీ ఖాళీ పీరియడ్లలో నువ్వు చెప్పు, ప్లాను రాయి అన్నాడు. నేను ఆ పుస్తకం తీసి, ముఖ్యమైనవి నా అక్షరాలతో ఎక్కించి ఇచ్చాను. ఆయన చదివి, "ఇన్నేండ్లు ఏడ దాచినవ్ సార్ గీ తెలివి?" అన్నాడు. నా సర్వీసులో నేను విన్న ఒకే ఒక్క మెచ్చుకోలు అది. దాని మీద అర్జీ రాయాల్సింది.

నేను ఎక్కించనివి ఉన్నాయి. పుస్తకంలో ఎడమ వైపు ఆమె పాఠాలు రాసింది. పద్యం అర్థం ముందే చెప్పొద్దు, మూడుసార్లు చదవాలి, మూడోసారి పుస్తకం మూసి చదవాలి, ఇలా. కుడి వైపు, సన్నటి అక్షరాలతో, తరగతిలో ఏం జరుగుతుందో రాసింది. జరగాల్సింది కాదు. జరిగేది.

రెండో వారం, బుధవారం. కుడి వైపు ఇలా ఉంది: "మూడోసారి చదివినాక ఎవరూ మాట్లాడరు. తొందరపడొద్దు. ఒకరు ఇంకొక్కసారి అంటారు." నేను ఆ పద్యం మూడుసార్లు చదివాను. కాలేజీ వెనక రేకుల గది, సాయంత్రం ఆఖరు పీరియడు, బయట బండల మీద ఎండ తగ్గుతోంది. ఎవరూ మాట్లాడలేదు. నా సర్వీసులో అలాంటి నిశ్శబ్దం ఎన్నడూ లేదు. అప్పుడు మూడో బెంచీలోంచి ఒక పోరని గొంతు, "ఇంకొక్కసారి సార్" అంది. నేను ఆ సన్నటి అక్షరాల వైపు మళ్లీ చూశాను.

నాలుగో వారం: "ఇది నిజంగా జరిగిందా అని అడుగుతారు. జవాబు చెప్పొద్దు." అడిగారు. ఐదో వారం: "ఇద్దరు కొట్లాడతరు, కథలో తల్లి తప్పు ఉందా లేదా అని. ఆపొద్దు." కొట్లాడారు. ఆరో వారం నుంచి నేను పేజీ ముందే తిప్పి చూడటం మానేశాను. చూస్తే భయం. చూడకపోతే ఇంకా భయం. పుస్తకాన్ని హాజరు పట్టీలో దాచిపెట్టుకుని, ఆ సన్న అక్షరాలు చెప్పినట్టు ఆగి, చెప్పినట్టు మొదలుపెట్టి, చెప్పినట్టు గొంతు తగ్గించి చదువుతూ, ఈ గదిలో పాఠం చెప్తున్నది ఎవరు అని నన్ను నేనే అడిగేవాణ్ని. ఒకరోజు బయటికి పోతూ ఒక పిల్ల స్నేహితురాలితో అంటోంది: "కండ్లు మూసుకో, అచ్చం మేడమే చెప్తున్నట్టుంటది."

ఎనిమిదో వారం, నది దాటే కథ. కుడి వైపు: "కిటికీ పక్క పిల్ల తల దించుకుంటది. పేరు పిలువొద్దు. ఏమీ అడగొద్దు. కథ ఆపొద్దు."

అప్పటికి నాకు కోపం వచ్చేసింది. ఎవరి మీద? ఊరికి వెళ్లిపోయిన మనిషి నాకు ఆజ్ఞలు వేస్తోందని. ఇన్నేళ్ల సర్వీసు ఉన్నవాణ్ని ఒక కాంట్రాక్టు మనిషి పుస్తకంలోంచి ఆడిస్తోందని. సగం కథలో కిటికీ పక్క పిల్ల తల దించుకుంది. నేను కథ ఆపాను. పేరు పెట్టి పిలిచాను. "ఎందుకు ఏడుస్తున్నవ్? నిలబడి చెప్పు" అన్నాను.

ఆ పిల్ల నిలబడింది. తరగతి అంతా బల్లల వైపు చూస్తోంది. ఒక్కరూ ఆమె వైపు చూడలేదు.

"మేడంకైతే చెప్పిన సార్," అంది. "మీకు చెప్ప."

సంచి తీసుకుని వెళ్లిపోయింది. ఆ తరగతికి మళ్లీ రాలేదు. కిటికీ పక్క చోటు డిసెంబరు దాకా ఖాళీగానే ఉంది. పిల్లలు ఇరుక్కుని కూర్చునేవారు గానీ అక్కడ ఎవరూ కూర్చోలేదు. నేను కూర్చోమన్నా కూర్చోలేదు. తర్వాత అటెండరు చెప్పాడు. వాళ్లది కొల్లాపూర్ దగ్గర. అన్న చేపల వేటకు కృష్ణలోకి పోయి తిరిగి రాలేదు. దొరకనూ లేదు.

అప్పుడు అర్థమైంది. పుస్తకంలో మాయ ఏమీ లేదు. ఆ పిల్లలకు ఫస్ట్ ఇయర్లో పాఠం చెప్పింది ఆమే. ఎవరు ఏ మాటకు అడ్డం పడతారో, ఎవరికి ఎక్కడ నొప్పో ఆమెకు తెలుసు. మూడో బెంచీ పోరని కోసం రెండో వారం బుధవారం, ఈ పిల్ల కోసం ఎనిమిదో వారం, ఒక్కొక్కరినీ కళ్ల ముందు పెట్టుకుని ఆరు నెలలు అల్లింది. మాయ అయితే నాకు భయం తీరేది. దయ్యాన్ని దొంగిలించానని సర్దుకునేవాణ్ని. నేను దొంగిలించింది ఒక మనిషి పిల్లలను తెలుసుకున్న తెలివిని. అది నా చేతిలో పడి ఒక పిల్లను కోసింది.

ఆ రోజు కూడా నేను ప్రిన్సిపాల్ గదికి పోవచ్చు. గుమ్మం దాకా పోయాను కూడా. లోపల ఆయన ఎవరితోనో నవ్వుతున్నాడు. వెనక్కి వచ్చాను.

ఆఖరు వారం పేజీలో కుడి వైపు ఏమీ లేదు. ఎడమ వైపు రెండే వాక్యాలు. "ఎవరికీ చెప్పని ఒక మాట పిల్లలు రాస్తారు. చెప్పేవాళ్లు ముందు తమది రాసి చదివి వినిపించాలి, లేకపోతే పిల్లలు రాయరు." నేను మొదటి వాక్యం ఒక్కటే చదివి వినిపించాను. కాగితాలు పంచాను. ముప్పావుగంట ఇచ్చాను. గదిలో పెన్ను చప్పుడు లేదు. అందరూ నన్నే చూస్తున్నారు. కోపంగా కాదు, దేనికోసమో ఎదురుచూస్తున్నట్టు. గంట కొట్టాక ఒక్కొక్కరే వచ్చి బల్ల మీద కాగితం పెట్టి వెళ్లారు. లెక్కపెట్టుకుని తిప్పి చూశాను. ప్రతి కాగితం మీదా రోల్ నంబరు ఉంది. కింద తెల్లగా ఉంది.

వాళ్లు మాట్లాడుకుని చేశారా? మేడం చెప్పి పోయిందా? తెలియదు. ఎవరినీ అడగలేదు.

తర్వాత మూడుసార్లు అమ్రాబాద్ పోదామని బయల్దేరాను. మూడుసార్లూ నాగర్‌కర్నూల్ బస్టాండులో దిగి, టీ తాగి, వనపర్తి బస్సు ఎక్కాను. ఒక పాత విద్యార్థి చెప్పాడు, ఆమె మళ్లీ పాఠం చెప్పలేదట. అడవి నుంచి వచ్చే తేనె, చింతపండు కొనే దుకాణంలో తూకం దగ్గర కూర్చుంటుందట. "మేడంను గుర్తువట్టిన సార్, ఆమె గూడ గుర్తువట్టింది. ఏం చదువుతున్నవురా అని అడిగింది," అన్నాడు వాడు. నా గురించి అడిగిందా అని నేను అడగలేదు. ఆమె అడిగి ఉండదనుకుంటాను.

క్షమించమని రాయడం లేదు. ఆమె నవ్వు నేను ఇప్పటికీ మరచిపోలేదు. మరచిపోయానంటే అది ఇంకో అబద్ధం. అందరి ముందు నవ్వకుండా ఉండాల్సిందని ఒక మూల ఇప్పటికీ అనిపిస్తుంది. కానీ ఒక నవ్వుకు ఒక మనిషి బతుకు బదులు తీసుకున్నాననీ తెలుసు. రెండూ ఒకే తలలో ఉన్నాయి. ఏదీ రెండోదాన్ని పోనివ్వదు.

నా జీవితంలో ఎంతోమంది మీద ఎన్నో కాగితాలు రాశాను. నా మీద ఒక్కటీ రాయలేదు. ఇది ఆమెకు చేరుతుందో లేదో తెలియదు. చేరినా ఆమె ఉద్యోగం తిరిగి రాదు. అయినా రాస్తున్నాను.

ఆ రోజు పొద్దున, సైకిల్ స్టాండు దగ్గర, ఆమె ఆ పుస్తకాన్ని నా చేతికి ఇచ్చింది. నేను తీసుకున్నాను.