సున్నం లేని ఎరుపు

1945లో ఒక ఉదయం హాస్టల్ బావి దగ్గర వేపపుల్లతో పళ్లు తోముకుంటూ దగ్గాను. ఉమ్మితే ఎర్రగా పడింది. చిగుళ్లేలే అనుకున్నాను. చిగుళ్లు దగ్గవని నాకూ తెలుసు గానీ, ఆ మాట లోపల అనుకోవడానికి కూడా ధైర్యం చాలలేదు.

మదనపల్లెలో ఇంటర్మీడియట్ చదివేవాడికి ఆ ఎరుపు ఏమిటో ఒకరు చెప్పక్కర్లేదు. ఊరి బయటే టీబీ రోగుల శానిటోరియం. మా పుంగనూరులో టీబీ అనరు, ‘ఆ జబ్బు’ అంటారు, అదీ గొంతు తగ్గించి. చావంటే భయం, అందరికీ తెలిసిపోతుందంటే ఇంకా భయం. అందుకని మహా తెలివైన పని చేశాను. వక్కాకు నమలడం మొదలుపెట్టాను. ఇక ఎర్రగా ఉమ్మినా ఎవరు అనుమానిస్తారు? సున్నం మాత్రం వేసుకునేవాణ్ణి కాదు, నోరు పొక్కేది.

లాజిక్ చెప్పే నరసప్ప సారు కూడా వక్కాకు మనిషే. ఒక సాయంత్రం అందరూ వెళ్లేదాకా ఆగి, వరండాలో తన సున్నపు డబ్బీ నా ముందుకు చాపారు.

“తీసుకోప్పా.”

“వద్దు సార్, నోరు పొక్కుతాది.”

“సున్నం లేకుండా ఆకూ వక్కా నమిలితే ఎరుపు రాదే. నీ రుమాలు యాల ఎర్రగా ఉండాది?”

లాజిక్ దేనికీ పనికిరాదని క్లాసులో జోకులేసేది నేనే. ఆ పూట ఒక్క జోకూ రాలేదు. రుమాలు మడిచి జేబులోకి తోశాను.

సారు తిట్టలేదు. “నాకూ దగ్గుగా ఉండాది. రేపు ఎక్స్‌రే తీపిచ్చుకోవల్ల. ఒక్కణ్ణే పోవాలంటే భయం. తోడు రాప్పా” అన్నారు. ఆయన దగ్గగా నేనెన్నడూ వినలేదు.

ఆయనే ముందు నిలబడి తీయించుకున్నారు. ఆయనది క్లియర్. నా ఎక్స్‌రే, కఫం పరీక్ష చూసి డాక్టరు, “లెఫ్ట్ అప్పర్ లోబ్‌లో కావిటీ. స్ప్యూటం కూడా పాజిటివ్” అన్నారు. ఎడమ ఊపిరితిత్తిలో గుంట, కఫంలో క్రిములు. ఏ పరీక్షలోనూ నాకంత స్పష్టమైన ఫలితం రాలేదు.

“బతుకుతానా డాక్టర్?”

“ఏ.పీ. ఇస్తాం. లంగ్‌కు రెస్ట్ కావాలి. నువ్వు మాటలు తగ్గించు.”

అసలు శిక్ష అది.

ఏ.పీ. అంటే పక్కటెముకల మధ్య సూది దించి, గాలి ఎక్కించి, ఊపిరితిత్తిని ముడుచుకునేలా చేయడం. ఆ గాలి తగ్గిపోతుంటే మళ్లీ మళ్లీ రీఫిల్. సూది దిగేటప్పుడు దగ్గకూడదు. దగ్గకూడదన్న భయానికే దగ్గు వచ్చేది. కొన్నాళ్లకు జ్వరం ఎక్కింది. “ఫ్లూయిడ్ చేరింది” అన్నారు, ఊపిరితిత్తి చుట్టూ నీరన్నమాట. శానిటోరియంలో నా పక్క మంచం మీద వెంకటగిరికోట రైతు ఉండేవాడు. ఒక ఉదయం చూస్తే ఆ మంచం మీద ఉతికిన దుప్పటి మాత్రమే ఉంది. నేను గోడవైపు తిరిగి పడుకున్నాను.

ఈలోగా సారు పుంగనూరు వెళ్లి మా అమ్మకు తానే నచ్చజెప్పారు. ప్రిన్సిపాల్‌తో మాట్లాడి నా సీటు పోకుండా చూశారు. ఆదివారాలు వచ్చి మంచం పక్కన కూర్చునేవారు.

“నువ్వు లేక క్లాసులో అందరూ పాఠం వింటాండారప్పా. నాకు భయమైతాండాది.”

నవ్వితే పక్క నొప్పి. అయినా నవ్వాను.

స్ప్యూటం నెగటివ్ వచ్చాక కుప్పంలో మేనత్త ఇంట్లో విశ్రాంతి. అత్త నాకు కంచం వేరే పెట్టింది. వడ్డన మాత్రం నిండుగా చేసింది.

ఇప్పుడు మళ్లీ కాలేజీలో ఉన్నాను, నా తర్వాతివాళ్లతో కలిసి. రీఫిల్స్ ఇంకా ఉన్నాయి, భయమూ ఉంది. చదువు చెప్పేవారికి నా మనవి ఒక్కటే: పిల్లవాడికి కొత్త అలవాటు కనిపిస్తే, తిట్టేముందు ఒంటరిగా పిలిచి మాట్లాడండి. ఆస్పత్రికి ‘పో’ అనకండి, ‘పోదాం రా’ అనండి.

నిన్న రీఫిల్ రోజు. సారు గది గుమ్మంలో నిలబడ్డాను.

“సార్, ఒక్కణ్ణే పోవాలంటే భయం.”

ఆయన అప్పటికే చెప్పులు వేసుకుంటున్నారు.