నా చదువుకి మా అన్నయ్య మేనేజరు

పీజీ ఎంట్రన్స్ కోసం లాంగ్ టర్మ్ చదువుతానని ఇంట్లో చెప్పిన రోజే నా చదువు నా చేతుల్లోంచి జారిపోయింది. జారిపోయిందని తెలియడానికే నాకు ఏడాది పైన పట్టింది.

అప్పటికి ఎంబీబీఎస్, హౌస్ సర్జన్సీ పూర్తిచేసి జీడిమెట్ల పక్కన ఒక చిన్న ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరుగా చేస్తున్నాను. ఉండేది ప్రగతి నగర్‌లో, అన్నయ్య ఫ్లాట్‌లో. మాది భీమవరం. నాన్నకింకా సర్వీసు ఉంది కాబట్టి అమ్మానాన్నలు అక్కడే ఉన్నారు. అన్నయ్య హైటెక్ సిటీలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో మేనేజరు. వదినదీ ఐటీ ఉద్యోగమే కానీ పాప పుట్టాక ఇంటి నుంచే చేస్తోంది. పాపకి అప్పుడప్పుడే మాటలొస్తున్నాయి.

ఆ ఆసుపత్రికి వచ్చేవాళ్లంతా చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లు. అక్కడి గాలికి పిల్లలకి ఆయాసం రాకపోతే ఆశ్చర్యపోవాలి. ఒక మధ్యాహ్నం ఒకామె బిడ్డని కొంగులో చుట్టుకుని పరిగెత్తుకొచ్చింది. "పొద్దుగాల సంది గిట్లనే దమ్ము వస్తున్నది డాక్టరమ్మా. పాలు తాగుతలేడు. జర చూడు" అంది. నెబులైజర్ పెట్టించి, మాస్కు నేనే పట్టుకుని కూర్చున్నాను. వాడు గింజుకున్నాడు, ఏడ్చాడు, అలిసిపోయాడు. ఊపిరి దారిలో పడ్డాక నా వేలు పట్టుకుని నోట్లో పెట్టుకోబోయాడు. "ఆకలైతున్నది వానికి" అని నవ్వింది తల్లి. వెంటనే నవ్వు ఆపుకుని "ఇగ ఫికర్ లేదా?" అని అడిగింది. లేదమ్మా అన్నాను. ఆ మాట అంటున్నప్పుడు నాకు కలిగిన సంతోషం ఎంబీబీఎస్ సీటు వచ్చినప్పుడు కూడా కలగలేదు. చేస్తే పిల్లల వైద్యమే చేయాలని ఆ రోజే గట్టిగా అనుకున్నాను.

అదే అన్నయ్యతో చెప్పాను. "చేద్దువుగానిలే, ముందు ప్లాన్ వేద్దాం" అన్నాడు. నా మీద ఎంత శ్రద్ధో అని మురిసిపోయాను. ఉద్యోగం మానేయమంటే మానేశాను. పరీక్షకి దరఖాస్తు తనే నింపాడు. ఫోన్ నంబరూ తనదే ఇచ్చాడు. "ఓటీపీలూ మెసేజీలూ నేను చూసుకుంటా. నీ బుర్ర చదువు మీదే ఉండాలి" అన్నాడు.

ప్లాన్ వేయడానికి తనకి ఒక శని, ఆదివారం పట్టింది. పందొమ్మిది సబ్జెక్టులు, మొదటి రీడింగు, రెండో రీడింగు, మూడో రీడింగు, ఆదివారాలు గ్రాండ్ టెస్టులు, అన్నీ కంప్యూటర్‌లో గడులుగా పరిచాడు. చదివితే ఆకుపచ్చ, సగం చదివితే పసుపు, చదవకపోతే ఎరుపు. రెండేసి వారాలకి ఒక ముక్క, ఆఫీసు భాషలో స్ప్రింట్ అట. ఏ సబ్జెక్టుకి గంట ఖర్చుపెడితే ఎన్ని మార్కులు గిట్టుబాటవుతాయో కూడా లెక్క కట్టాడు. ఆ లెక్కలో పీడియాట్రిక్స్ అట్టడుగున తేలింది. చిన్న సబ్జెక్టు, పైగా నాకు బాగా వచ్చు, కాబట్టి దానికి టైము దండగ. ఆ షీటు పైన పెద్ద అక్షరాలతో లక్ష్యం అని రాసి, పక్కన డెర్మటాలజీ అని పెట్టాడు.

"డెర్మా ఎవరు చదువుతానన్నారు?" అన్నాను.

"లక్ష్యం ఎప్పుడూ పైన పెట్టుకోవాలే. డెర్మాకి గురిపెడితే పీడియాట్రిక్స్ ఎటూ వస్తుంది. అయినా ఆలోచించు. నైట్ డ్యూటీలుండవు, ఎమర్జెన్సీలుండవు. మాదాపూర్ నుంచి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ దాకా జుట్టు రాలిపోతున్నవాళ్లే." ఆ మాటంటూ తన నెత్తి నిమురుకున్నాడు, పాపం. నేను నవ్వాను. అప్పట్లో ఇలాంటివాటికి నవ్వేదాన్ని.

పొద్దున్నే తను ఆఫీసుకి బయల్దేరేముందు, వాళ్ల ఆఫీసులోలాగే, స్టాండప్ అనే మీటింగు జరిగేది. డైనింగ్ టేబుల్ దగ్గర ఇద్దరం నిలబడాలి. కూర్చుంటే మాటలు సాగుతాయట. నా చేతిలో ఇడ్లీల ప్లేటు, తన చేతిలో లాప్‌టాప్. నిన్న ఏం పూర్తిచేశావు, ఇవాళ ఏం చేస్తావు, అడ్డంకులేమైనా ఉన్నాయా? రోజూ ఇవే ప్రశ్నలు. జ్వరానికి నెలకి రెండు రోజులు బఫర్ అని కేటాయించాడు. ఒకసారి నాకు వైరల్ జ్వరం వచ్చి వారం పడుకుంటే, దుప్పట్లో ఉన్న నా దగ్గరికొచ్చి, బఫర్ దాటిపోయింది, ఏ సబ్జెక్టులోంచి కోద్దాం అని అడిగాడు. వదిన గుమ్మంలో నిలబడి "ముందు ఆ పిల్లని గంజి తాగనివ్వండీ" అని కసిరితే వెళ్లాడు. కోసింది పీడియాట్రిక్స్‌లోంచే.

ఇంకో రోజు ఆఫీసు నుంచి వెలిగిపోతూ వచ్చాడు. నా షెడ్యూలు తన టీముకి చూపించాడట. అందరూ చప్పట్లు కొట్టారట. ఒకాయన వాళ్లబ్బాయి ఇంటర్ కోసం అదే షీటు అడిగి తీసుకున్నాడట. చదువుతున్నది నేను, నెలల తరబడి కిటికీ అవతల ఏ కాలం నడుస్తోందో తెలియక కూర్చున్నది నేను, చప్పట్లు తనకి. అప్పుడే మొదటిసారి ఒళ్లు మండింది. కానీ తిండి తనది, ఏసీ తనది, పుస్తకాలు తను కొన్నవి. మండిన ఒళ్లు మండినట్టే ఉంచుకుని వెళ్లి ఫార్మకాలజీ చదువుకున్నాను.

మధ్యలో పరీక్ష వాయిదా పడింది. మా బ్యాచ్ గ్రూపులో ఏడుపులు, తిట్లు. నేనూ బాత్రూంలో కుళాయి తిప్పి ఏడ్చాను. అన్నయ్య మాత్రం ఉత్సాహంగా తేదీలన్నీ జరిపేసి, "మంచిదే, డెర్మాకి ఇంకాస్త టైము దొరికింది" అన్నాడు.

చివరికి పరీక్ష రాశాను. ర్యాంకు వచ్చింది. దానికి డెర్మటాలజీ రాదు. ప్రభుత్వ కాలేజీలో పీడియాట్రిక్స్ మాత్రం రావాలి. కిందటేడు సీట్లు ఎక్కడిదాకా వెళ్లాయో పదిమందిని అడిగి చూసుకున్నాను. హైదరాబాద్‌లో కాకపోయినా ఏదో ఒక జిల్లాలో వచ్చి తీరుతుంది. అమ్మకి ఫోన్ చేసి "పిల్లల డాక్టర్నవుతున్నానమ్మా" అని కూడా చెప్పేశాను.

కౌన్సెలింగులో వెబ్ ఆప్షన్లు పెట్టేటప్పుడు నేను అన్నయ్య పక్కనే కూర్చున్నాను. పైన తన ముచ్చట కోసం డెర్మటాలజీ కాలేజీలు, వాటి కింద నా కోసం పీడియాట్రిక్స్ కాలేజీలు. నేను చెబుతుంటే తను నొక్కాడు. లాక్ చేయడానికి ఇంకా గడువుంది, ఒకసారి సరిచూసి చేస్తానన్నాడు. నువ్వెందుకు చూసుకోలేదని తర్వాత చాలామంది అడిగారు. పాస్‌వర్డ్ తన దగ్గర, ఓటీపీ తన ఫోన్‌కి. అదీ కాక, సొంత అన్నని తనిఖీ చేయాలని ఎవరికి తోస్తుంది?

మొదటి విడతలో సీటు రాలేదు. "తర్వాతి విడతల్లో ర్యాంకులు ఇంకా కిందికి దిగుతాయి, కంగారుపడకు" అన్నాడు. రెండో విడతకీ అవే ఆప్షన్లు తనే పెట్టాడు, అప్పుడూ రాలేదు. చివరి విడతా అయిపోయింది. నాతో హౌస్ సర్జన్సీ చేసిన అమ్మాయి ఫోన్ చేసి, తనకి నల్గొండలో పీడియాట్రిక్స్ వచ్చిందని చెప్పింది. తన ర్యాంకు నాకన్నా చాలా వెనక. "నీకెట్ల రాలేదే? ఆప్షన్లు సరిగ్గనే పెట్టినవా?" అంది.

సాయంత్రం అన్నయ్య వచ్చి బూట్లు విప్పుతుంటే అడిగాను. దాచలేదు, తడబడలేదు. దాచాల్సిన పనేదో చేశానని తనకి అనిపించనేలేదు.

"పీడియాట్రిక్స్ నేనే తీసేశా" అన్నాడు. "చూడు, సీటు అలాట్ అయిందంటే చేరాలి. చేరకపోతే పెనాల్టీ, చేరితే ఇరుక్కుపోతావు. మళ్లీ డెర్మాకి రాయలేవు. అది పెద్ద రిస్కు. లాక్ చేసే ముందు ఆ రిస్కు తీసేశా."

రిస్కట! నాకు కావలసిన సీటు నాకు వచ్చేయడం రిస్కు. కంపెనీల్లో ఏళ్ల తరబడి ఎక్కడ ఏం చెడుతుందో ముందే వెతికి, దాన్ని పీకేసి జీతం తీసుకునేవాళ్లు తప్ప ఇంకెవరూ ఇలాంటి పని చేయరు. మా నాన్నయితే నా మీద అరిచేవాడేమో, పీడియాట్రిక్స్ వద్దని మొహం మీదే అనేవాడేమో. అరిస్తే తిరిగి అరవొచ్చు. ఇంత ప్రశాంతంగా, ఇంత ప్రేమగా చేసినదాన్ని ఏమని తిట్టాలి?

"నేను అడిగానా అన్నయ్యా, తీసేయమని?"

"అడిగితే నువ్వొప్పుకోవని తెలుసు."

ఆ రాత్రి అన్నం తినలేదు. మర్నాడు అమ్మ ఫోన్ చేసింది. అన్నయ్య ముందే అంతా చెప్పేసినట్టున్నాడు. "నీ మంచి కోసమే కదమ్మాయ్ చేశాడు. వాడికేం లాభం చెప్పు? ఒక్క ఏడాది, ఓపిక పట్టు" అంది. ఒక్క ఏడాది! ఇంట్లో అందరూ నా ఏడాదిని చిల్లరలా చూస్తారు. భీమవరం వెళ్లిపోదామా అనుకున్నాను. వెళ్తే అక్కడా ఇదే పాట. మళ్లీ డ్యూటీ డాక్టరుగా చేరదామా అనుకున్నాను. చేరితే ఆ సీటు ఎప్పటికీ రాదు. నాకు సీటు కావాలి. అందుకని సిగ్గు విడిచి ఆ ఫ్లాట్‌లోనే ఉండి, ఆ ఏసీ కిందే మళ్లీ మొదటి రీడింగు మొదలుపెట్టాను. ఈసారి దరఖాస్తులో నా నంబరే ఇస్తానని చెప్పాను. "నీ ఇష్టం" అన్నాడు, నొచ్చుకుంటూ. నొచ్చుకోవడం కూడా తన వంతే అయింది.

చలికాలంలో పాపకి దగ్గు పట్టుకుంది. రాను రాను ఆయాసం, పిల్లికూతలు. నేను స్టెత్ పెట్టి విని, ఏం ఇవ్వాలో, ఏది ఇవ్వకూడదో వదినకి చెప్పాను. అన్నయ్య ఒప్పుకోలేదు. "నువ్వు చదువుకో. పసిపిల్ల విషయం, స్పెషలిస్టుకే చూపిద్దాం" అన్నాడు. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఒక పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్లారు. అక్కడ నచ్చక, మర్నాడు ఖాజాగూడలో ఇంకోచోటికి. ఆ రెండో రోజు పొద్దున్న వెళ్లినవాళ్లు చీకటిపడే వేళకి వచ్చారు. పాప వదిన భుజం మీద వడలిపోయి ఉంది. అన్నయ్య మందుల కవరు సోఫాలోకి గిరాటేశాడు.

"మధ్యాహ్నమంతా కూర్చోబెట్టి రెండు నిమిషాలు కూడా చూడలేదు. పాప మొహం కూడా చూడలేదే! ఇన్ని ఆసుపత్రులున్న ఊళ్లో, పిల్లని ఓపిగ్గా చూసే డాక్టరు ఒక్కరు లేరు!"

"ఈపాటికి ఒకరు తయారవుతూ ఉండేవాళ్లు అన్నయ్యా, నల్గొండలోనో ఇంకోచోటో" అన్నాను. "నువ్వే తీసేశావు."

వదిన తల ఎత్తలేదు. అన్నయ్య నావైపు చూశాడు. కోపంగా కాదు, అర్థం కానట్టు. "దానికీ దీనికీ ఏంటే సంబంధం?" అన్నాడు. నిజంగానే అడిగాడు. ఏదో కాల్ ఉందంటూ గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాడు. వదిన పాపని తెచ్చి నా చేతికిచ్చింది. పాపని నిటారుగా ఎత్తుకుని హాల్లో అటూ ఇటూ తిరిగాను. చిన్న ఛాతీ నా భుజానికి తగులుతూ ఎగిరెగిరి పడుతోంది. జాలికన్నా ముందు నాకు అన్నయ్య మీద కోపమే వచ్చింది. ఆ కోపం ఇప్పటికీ తగ్గలేదు.