చుక్కలక్క చెయ్యి

మా కంటి ఆసుపత్రి మూడో అంతస్తులో, పరిశోధన విభాగం చివరి గదిలో, ఒకావిడ పదకొండేళ్లు చీకట్లో కూర్చుని ఉద్యోగం చేసింది. రోగులు ఆవిణ్ణి చుక్కలక్క అనేవాళ్లు. నేను ఎదురుగదిలో రికార్డుల గుమాస్తాని. నన్ను బాబాయ్ అని పిలిచేది. నాకు కోపం ఎక్కువనీ, నోరు మంచిది కాదనీ ఆ అంతస్తులో అందరికీ తెలుసు. ఇందులో మాత్రం ఆ కోపం సగానికి పైగా నా మీదే.

ఆవిడ పని చూపు కొలవడం. అక్షరాల బోర్డు చదివించడం కాదు, అది కింద హాల్లో చేస్తారు. గ్లకోమా వచ్చినవాడు ఆ బోర్డు చివరి వరస దాకా గడగడా చదివేస్తాడు. కంటి వెనక నరం కొంచెం కొంచెంగా చచ్చిపోతుంటే ముందు పోయేది పక్కచూపు. నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు. మా వరండాలో పోస్టరు ఈ జబ్బుని దొంగ అంటుంది. నాకు ఆ మాట నచ్చదు. దొంగలు పడ్డ ఇంట్లోవాళ్లకి కనీసం ఏం పోయిందో తెలుస్తుంది.

దీన్ని పట్టుకోవడానికి ఒక యంత్రం ఉంది. పెద్ద తెల్లగిన్నెని పక్కకి తిప్పి నిలబెట్టినట్టు ఉంటుంది. రోగి ఒక కన్ను మూయించుకుని, గడ్డం అంచుకి ఆనించి, నడుమ వెలిగే పసుపు దీపాన్నే చూస్తూ ఉండాలి. చుట్టూ ఎక్కడో ఓచోట సన్నటి వెలుగుచుక్క మెరిసి మాయమవుతుంది. కనిపిస్తే చేతిలో బొత్తాం నొక్కాలి. కనిపించని చోటల్లా కాగితం మీద నలుపు పడుతుంది. చూడకుండా ఊరికే నొక్కేవాళ్లని పట్టుకునే కిటుకు కూడా దాంట్లోనే ఉంది. చుక్క వెయ్యకుండా ఉత్తి చప్పుడు చేసి, ఎవరు నొక్కుతారో చూస్తుంది. అంత తెలివైన యంత్రం పక్కన కూర్చున్న మనిషిని మాత్రం పట్టించుకోదు.

మా పెద్ద మేడమ్ నాలుగేళ్ల పరిశోధన ఒకటి తలపెట్టారు. గ్లకోమాకి కంట్లో వేసే మందు ఒక్కటే చాలా, లేక ముందే ఆపరేషన్ చెయ్యాలా అన్నది ప్రశ్న. మందు మీద ఉన్నవాళ్లు నూట నలభై ఆరుమంది. ఆర్నెల్లకోసారి అందరికీ చుక్కల పరీక్ష. వరసగా రెండు రిపోర్టుల్లో నలుపు పెరిగితే మందు ఆపి ఆపరేషన్ చేస్తారు, పెరగకపోతే మందే కొనసాగిస్తారు. అంటే ఎవరి కంటి మీద కత్తి పడాలో, ఎవరి కంటి మీద పడకూడదో చుక్కలక్క గదిలోంచి వచ్చే కాగితం చెప్పాలి.

ఆ నూట నలభై ఆరులో ఒకడు ఆవిడ సొంత అన్న. బస్సు డ్రైవరు. ఆఫీసువాళ్లని పొద్దున్నే ఎక్కించుకెళ్లి సాయంత్రం దింపుతాడు. కంట్లో ఒత్తిడి ఎక్కువుందని తేలగానే ఆవిడే చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి పరిశోధనలో చేర్పించింది. తండ్రి పోయాక ఆవిణ్ణి చదివించింది ఆ అన్నే. అన్న మాటొస్తే గొంతు మారిపోయేది.

ఆవిడంటే రోగులకి ప్రాణం. ఆ పరీక్ష చెయ్యించుకోవడం అంత తేలిక కాదు. మెడ పట్టేస్తుంది, చీకట్లో నిద్ర ముంచుకొస్తుంది, ముసలివాళ్లు గిన్నెలో తలపెట్టి గురకపెడతారు. ఈవిడ పక్కనే కూర్చుని ఎడమచెయ్యి వాళ్ల భుజం మీద వేసి, "అలాగే, అలాగే, బంగారం" అంటూ మెల్లగా తడుతూ ఉండేది. కుడివైపు ఆవిడ ముందు చిన్న తెర. యంత్రం ఎక్కడ చుక్క వేస్తోందో అందులో కనబడుతుంది.

"చంటిపిల్లల్ని నిద్రపుచ్చడానికి తడతారమ్మా, లేపడానికి కాదు," అన్నాను ఒకసారి.

"మీరు ఫైళ్లు తట్టుకోండి బాబాయ్, దుమ్ము రాలుతుంది," అంది.

మూడేళ్లు గడిచేసరికి మా రిపోర్టులు చూసి వేరే ఆసుపత్రులవాళ్లు ముక్కున వేలేసుకున్నారు. వాళ్ల దగ్గర మందు మీద ఉన్నవాళ్లలో ప్రతి అయిదుగురిలో ఒకరికి నలుపు పెరుగుతోంది. మా దగ్గర నూట నలభై ఆరుమందిలో ఇద్దరికి మాత్రమే. మేడమ్ మీటింగులో ఆవిణ్ణి లేపి నిలబెట్టి చప్పట్లు కొట్టించారు. నేనూ కొట్టాను.

ఆ రోజుల్లోనే అన్న బస్సు ఎడమవైపు గీతలు పడటం మొదలైంది. మొదట డిపో గోడకి రాసుకుంది. తర్వాత అద్దం విరిగింది. "గేటు చిక్కిపోయింది చెల్లీ, దానికి కాస్త తిండి పెట్టాలి," అని నవ్వేవాడు. ఒకరోజు సైకిలు మీద వెళ్తున్నతన్ని వెంట్రుకవాసిలో తప్పించాడు. ఎక్కణ్ణుంచి ఊడిపడ్డాడో తెలియలేదన్నాడు. ఆ మాట ఆవిడే నాకు చెప్పింది.

"ఓసారి వేరే ఎవరిచేతైనా పరీక్ష చేయిద్దామా?" అన్నాను.

"ఎందుకూ? ఆరు రిపోర్టులున్నాయి, మీ చేత్తోనే దాచారు. ఒక్క మచ్చ పెరగలేదు. వయసు బాబాయ్, పరధ్యానం."

కాగితం నా దగ్గరే ఉంది కాబట్టి నేనూ నోరు మూసుకున్నాను. బస్సు నడపడానికి కళ్ల ఫిట్‌నెస్ సర్టిఫికెట్ కావాలంటే అన్న ఆ రిపోర్టులే చూపించేవాడు.

తర్వాతి వేసవిలో వాళ్లత్తగారికి ఒంట్లో బాగోక ఆవిడ పన్నెండు రోజులు సెలవు పెట్టింది. బదులుగా కింది హాలునుంచి ఒక కొత్తమ్మాయిని పంపారు. ఆ అమ్మాయి రోగిని కూర్చోబెట్టి, ఎలా నొక్కాలో చెప్పి, తన కుర్చీలో తను చేతులు కట్టుకుని కూర్చునేది. ఆ పన్నెండు రోజుల్లో పంతొమ్మిదిమందికి పరీక్ష అయింది. పదకొండుమంది కాగితాలు నల్లబడి వచ్చాయి.

మేడమ్ ఆ అమ్మాయి మీద ఒంటికాలి మీద లేచారు. గడ్డం సరిగ్గా ఆనించి ఉండదు, కన్ను సరిగ్గా మూసి ఉండదు, మొత్తం పాడుచేసిందన్నారు. పిల్ల ఏడ్చింది. ఆ పంతొమ్మిదిమందినీ మళ్లీ పిలిపించాం. చుక్కలక్క సెలవునుంచి వచ్చి మళ్లీ చేసింది. పంతొమ్మిదీ తెల్లగా వచ్చాయి. కొత్తమ్మాయి కాగితాల మీద 'చెల్లదు' అని ముద్ర కొట్టి కవర్లో పెట్టింది ఎవరనుకున్నారు? నేనే.

ఆ కవరు మీద సంతకం కోసం ఒక మధ్యాహ్నం ఆవిడ గదిలోకి వెళ్లాను. పరీక్ష జరుగుతోంది. పదకొండేళ్లలో వందసార్లు చూసిన దృశ్యమే. కానీ చేతిలో ఆ కవరు ఉండబట్టో ఏమో, తలుపు దగ్గరే ఆగి చూశాను. తెర మీద చుక్క వెలిగింది. ఆవిడ వేలు భుజం మీద తట్టింది. రోగి బొత్తాం నొక్కాడు. యంత్రం ఉత్తి చప్పుడు చేసింది, తెర మీద చుక్క లేదు. వేలు కదల్లేదు. రోగి నొక్కలేదు. మళ్లీ చుక్క, మళ్లీ వేలు, మళ్లీ బొత్తాం.

ఆవిడకి తెలియదు. తెర చూస్తున్న కన్నుతోపాటు ఆ వేలు దానంతటదే కదులుతోంది. సంతకం అడక్కుండా వెనక్కి వచ్చేశాను. రెండు రోజులు ఆ మాట గొంతులోనే పెట్టుకుని తిరిగాను. ఆ రెండు రోజులూ బస్సు నడుస్తూనే ఉంది. ఇప్పటికీ నన్ను నేను క్షమించుకోలేను.

మూడోరోజు ఆవిడకి చెప్పాను. "నా చెయ్యి మంచిదని ఓర్వలేకపోతున్నారా బాబాయ్?" అంది. గంటసేపు అటు నడిచి ఇటు నడిచి, అన్నకి ఫోన్ చేసింది. ట్రిప్పుకీ ట్రిప్పుకీ మధ్య ఒకసారి వచ్చి పొమ్మంది.

ఆయన వచ్చాడు, తాళాలు బల్ల మీద పడేసి, ఎప్పటిలాగే గిన్నెకి గడ్డం ఆనించాడు. ఆవిడ కుర్చీ గోడదాకా జరుపుకుని, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది. నేను తలుపు దగ్గర. పరీక్ష మొదలైంది. చుక్కలు వస్తున్నాయి. బొత్తాం అప్పుడొకటీ ఇప్పుడొకటీ మోగుతోంది. ఒక నిమిషంపాటు అసలు మోగలేదు.

"చెల్లీ, ఉన్నావా?" అన్నాడు గిన్నెలోంచి.

"ఉన్నాను అన్నయ్యా."

"మరి తట్టట్లేదేం? నువ్వు తట్టకపోతే ఎప్పుడు నొక్కాలో నాకెలా తెలుస్తుంది?"

ఆవిడ చేతులు తొడల కిందనుంచి తియ్యలేదు. ఇంకో కన్ను కూడా అయ్యాక కాగితం బయటికి వచ్చింది. రెండు కళ్లలోనూ ఎడమవైపు సగం నలుపు, కుడివైపు అంచంతా నలుపు. నడుమ మాత్రం తెల్లటి తావు మిగిలింది, దాంతోనే ఆయన ఇన్నాళ్లూ రోడ్డు చూస్తున్నాడు. బస్సు టైమైందని లేచి తాళాల కోసం బల్ల మీద చేత్తో తడుముకుంటున్నాడు. తాళాలు ఆయన ఎడమచేతికి జానెడు దూరంలో ఉన్నాయి. గదిలో దీపం వేసే ఉంది.

ఆవిడ వాటిని తీసి జేబులో వేసుకుంది. "ఇవాళ్టినుంచి వద్దన్నయ్యా," అని చెప్పి, ఆయన ఏమిటేమిటని అడుగుతుండగానే, కాగితం పట్టుకుని మేడమ్ గదికి నడిచింది. నా కవరు పట్టుకుని నేనూ వెనకే.

వేలి సంగతి విని, మేడమ్ ఆ కాగితాన్ని నా కవర్లోవాటి పక్కన పెట్టి చూశారు. "ఇలాంటివి ఎన్ని ఉండొచ్చు?" అన్నారు చివరికి.

"ఆ పిల్ల చేసినవి మాత్రమే నిజం మేడమ్. మిగతావేవీ నమ్మకండి," అంది చుక్కలక్క.

పరిశోధన ఆపేశారు. అన్నకి పదిరోజుల్లో రెండు కళ్లకీ ఆపరేషన్ చేశారు. మిగిలింది మిగిలింది, పోయింది రాదు. అన్న తనని ఒక్క మాట కూడా అనలేదని ఆవిడ నా దగ్గర వెక్కివెక్కి ఏడ్చింది. తిట్టినా బాగుండేదంది.

నూట నలభై ఆరుమందికీ మళ్లీ పరీక్ష చెయ్యాలి. ఫోన్లు నేను చేస్తానన్నా వినలేదు. నా గదిలోనే కూర్చుని, జాబితా ముందు పెట్టుకుని, ఒక్కొక్కరికీ తనే చేసి తప్పు తనదని చెప్పింది. కొందరు తిట్టారు. కొందరికి అర్థం కాలేదు. మూడోరోజు ఒక పెద్దాయన ఫోన్ ఎత్తాడు. రిటైరైన లెక్కల మాస్టారు, గట్టి గొంతు. నాకూ వినిపిస్తోంది.

"నాకవన్నీ ఎందుకమ్మా, రమ్మంటే వస్తాను. కానీ పరీక్ష నువ్వే చెయ్యాలి. ఇంట్లో ఈ మధ్య గడపలు కూడా తగులుతున్నాయి గానీ, నీ దగ్గర కూర్చుంటే మాత్రం నాకు చుక్కలన్నీ కనిపిస్తాయి."