నోరీన్ వెతికిన ఇల్లు

వేసవిలో వానలు ముఖం చాటేస్తే హామిల్టన్ చుట్టుపక్కల పొలాల్లో నేల కింద నిప్పు రాజుకుంటుంది. ఇక్కడి నల్లమట్టి వేల ఏళ్ళుగా కుళ్ళి గట్టిపడిన నాచూ గడ్డీ. ఎండితే పిడకలా కాలుతుంది. భూమధ్యరేఖకు దిగువనున్న ఈ దేశంలో ఫిబ్రవరి నడివేసవి. మొన్న ఆ నెలలో కారు అద్దం దించగానే ఆ పొగ లోపలికి వచ్చింది. రోడ్డు పక్కన ఆపి ఆ వాసన గుర్తుపట్టాను. ఐర్లండ్ పల్లెల్లో పొయ్యిలో పెట్టేది ఇలాంటి మట్టినే. నన్ను అక్కడికి తీసుకువెళ్ళింది నోరీన్.

నోరీన్ నా మొదటి బాస్. పాడిరైతులకు పొలాల మ్యాపులు గీసిచ్చే చిన్న కంపెనీ ఆమెది. నంద్యాల నుంచి వచ్చి, ఇక్కడ చదువు ముగించి అందులో చేరాను. శాటిలైట్ ఫొటో చూసి నేను గీసిన మొదటి మ్యాపును పక్కకు జరిపి, "బూట్లు వేసుకో పద్మా, వెళ్ళి చూద్దాం" అంది. వెళ్ళి చూస్తే, నేను చెరువనుకుని గీసింది ఒక షెడ్డు నీడ. ఆమె నవ్వలేదు, కసరలేదు. "నిలబడి చూడని చోటు గురించి ఏమీ చెప్పకు" అంది, అంతే.

ఊపిరితిత్తుల్లో క్యాన్సర్ అని తేలాక, ఐర్లండ్‌లో తన ముత్తాతను గెంటేసిన ఇల్లు ఎక్కడుందో చూసి పోతానంది. ఇంట్లో చెప్పుకుంటూ వచ్చినవి రెండే ముక్కలు: ఊరి పేరు, ఇంటి వెనక వాగు రెండుగా చీలుతుందన్న మాట. ఆ పేరుతో ఐర్లండ్‌లో చాలా ఊళ్ళున్నాయి. పాత మ్యాపులను ఇప్పటి ఫొటోల మీద పరిచి, ఆఫీసు అయ్యాక ఒక్కో వాగునూ వెంబడించాం. చివరికి పశ్చిమాన మేయో ప్రాంతంలో ఒక వాగు చీలింది. దాని పక్కన ఒక మ్యాపులో ఇంటి గుర్తుగా చిన్న నల్లటి గడి ఉంది. తర్వాత గీసిన మ్యాపులో అది లేదు. నోరీన్ ఆ ఖాళీ మీద వేలు పెట్టి చాలాసేపు తీయలేదు.

ఇద్దరం వెళ్ళాం. అక్కడ ఇల్లు లేదు. తడిగడ్డిలో కొన్ని రాళ్ళు, చుట్టూ దురదగొండి మొక్కలు. ఆ పొలం రైతు ముసలాయన. ఎందుకొచ్చామో చెప్పగానే టోపీ తీసి నిలబడ్డాడు.

"భూస్వామి మనుషులు ఇంటి కప్పు పీకేశారు. లోపల బాలింత ఉండగానే. తర్వాత ఈ పొలం మా పెద్దల చేతికిచ్చారు. మా ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరూ మాట్లాడేవాళ్ళు కాదు" అన్నాడు.

"మీరు చెప్పారుగా" అంది నోరీన్.

 తిరిగి వస్తూ కారులో, ఆమె కిటికీ వైపే చూస్తూ అంది: "హామిల్టన్ దగ్గర మా నాన్న పొలం దున్నుతుంటే, మాకంటే ముందు అక్కడున్న మావోరీల రాతి గొడ్డళ్ళు బయటపడేవి. షెడ్డులో మేకుల డబ్బా పక్కన పడేసేవాడు. ఆ నేల సర్కారు ఆ మావోరీల దగ్గర్నుంచి లాక్కున్నది. ఇంట్లోంచి గెంటేస్తే ఓడెక్కి వచ్చిన మా ముత్తాతకు, ఇంకొకరిని గెంటేసి ఆ నేల ఇచ్చారు. మా ఇంట్లోనూ ఎవరూ మాట్లాడలేదు."

హామిల్టన్ వచ్చాక, ఊపిరి అందకపోయినా నన్ను వెంటబెట్టుకుని ఆ మావోరీల సభామందిరానికి వెళ్ళి గొడ్డళ్ళు అప్పగించింది. అక్కడి పెద్దావిడ వాటిని ఒళ్ళో పెట్టుకుని నిమిరింది. "నేల మాటేమిటి?" అని అడిగింది.

 పొలం నోరీన్ తమ్ముడి పేరున ఉంది. హాస్పిటల్ మంచం మీద నుంచి ఫోన్ చేసి, కొంతైనా తిరిగి ఇచ్చేయమని అతన్ని బతిమాలింది. నేను పక్కనే ఉన్నాను. "మందుల మత్తులో మాట్లాడుతున్నావు నోరీన్, పడుకో" అన్నాడతను. ఆమె ఫోన్ నా చేతికిచ్చి గోడ వైపు తిరిగింది. కొద్ది రోజులకే పోయింది. అతను పొలాన్ని ప్లాట్లు వేసి అమ్మేశాడు.

మేం ఇల్లు వెతుకుతున్నప్పుడు మా ఆయన చూపించిన వాటిలో ఒకటి ఆ ప్లాట్లలోనే ఉంది. "స్కూల్ దగ్గర. ఇక్కడే సెటిల్ అయిపోదాం" అన్నాడు.

"అక్కడ వద్దు."

"ఈ దేశంలో ఎక్కడ కొన్నా ఒకప్పుడు మావోరీలదేగా పద్మా?"

ఆయన మాట అబద్ధం కాదు. వేరేచోట కొన్నాం. ఆ నేల ఏ మావోరీ తెగదో కనుక్కుని, ఆ తెగ పేరు తప్పు లేకుండా పలకడం నేర్చుకున్నాను. మా అమ్మాయికీ నేర్పాను. దానివల్ల వాళ్ళకు గజం నేల కూడా తిరిగి రాలేదు. ఆ సంగతి కూడా అమ్మాయికి చెప్పాను.